తాళం వేసిన తలుపుతో మాట్లాడిన మనిషి

నేను ఒక కన్నును. రెప్ప లేదు, నిద్ర లేదు. హార్డ్‌వేర్ కొట్లో నన్ను డోర్ ఐ అంటారు. వేలెడు ఇత్తడి గొట్టం, అందులో మూడు గాజు బిళ్లలు, అంతే నా ఒళ్లు. నాలోంచి చూస్తే ఎదుటి మనిషి ముక్కు ముందుకొస్తుంది, చెంపలు సాగుతాయి, కాళ్లు కురచవుతాయి. ఎంత మంచివాడైనా నా ముందు నిలబడితే దొంగలాగే ఉంటాడు. నన్ను చేసిన తీరే అది. అయినా మనుషులు నాలోంచి చూశాకే తలుపు తీయాలో వద్దో తేల్చుకుంటారు.

విశాఖపట్నంలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో వడ్రంగి నన్ను తలుపుకు బిగించాడు. మొదటి యజమాని రిటైరైన రిజిస్ట్రారు. బంధువులు వస్తే నాలోంచి చూసి, మునివేళ్ల మీద నడిచి వెళ్లి పడుకునేవాడు. ఆయన పోయాక ఆ ఇంట్లోకి హైమవతి వచ్చింది. భర్తకు ఓడ మీద ఉద్యోగం, ఏడాదిలో తొమ్మిది నెలలు సముద్రం మీదే. ఇంట్లో ఆమె, మతి తప్పుతున్న అత్తగారు సింహాద్రమ్మ.

ఎదుటి ఫ్లాటులోకి నూకాలు దిగిన రోజు నుంచి నాకు పని పెరిగింది. ఆమె ముత్తాత ఈ తీరం నుంచే రంగూను బియ్యం మిల్లుకు వెళ్లాడట. అక్కడ ఊరు తగలబడ్డాక ఈమె ఒక్కతే ఇటు వచ్చి, బట్టలు కుట్టి బతుకుతోంది. కాగితాల్లో పేరు ఖిన్. చెంపలకు గంధంలాంటి తెల్లటి పూత గుండ్రంగా రాసుకునేది. బర్మాలో ఆడవాళ్లకు అది పౌడరుతో సమానం. నా గాజులో మాత్రం, కళ్లు తప్ప తక్కినదంతా చచ్చిపోయిన ముఖంలా కనిపించేది.

"రెండు పేర్లేటి? మంచివోళ్లకి ఒక పేరు చాలదా?" అన్నాడు పక్క ఫ్లాటులో ఉండే అపార్టుమెంటు సంఘం సెక్రటరీ ముత్యాలరావు. ఆయన ఇంట్లో బుజ్జి, ఆఫీసులో ఎం.ఆర్.

"అక్కడ మమ్మల్ని ఇండియా వోళ్లంటారు బాబూ. ఇక్కడికొస్తే బర్మాదంటన్నారు," అని నూకాలు నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఆమె మాట జనాన్ని ఇంకా భయపెట్టింది. తెలుగే, కాని వందేళ్ల కిందట ఓడెక్కి వెళ్లిన తెలుగు. "మా తాతమ్మ పోయాక ఆ మాటలు మళ్లీ వినలేదు. చచ్చినోళ్లు మాటాడినట్టుంది హైమా," అంది పై అంతస్తు ఆవిడ, గొంతు తగ్గించి.

దసరా ముందు తలుపులకు రంగులు వేయించారు. రంగువాడు నన్ను విప్పి, పనయ్యాక మళ్లీ బిగించాడు, అటుది ఇటు, ఇటుది అటు. ఆ తరవాత హైమ కన్ను పెడితే మసక వెలుగు చుక్క ఒక్కటే కనిపించేది. "గాజు మీద రంగు పడేశాడు," అని విసుక్కుని, ఎవరిచేతనైనా తుడిపించాలనుకుని ఊరుకుంది. వరండాలో నిలబడితే తన ఇల్లంతా కనిపిస్తోందని ఆమెకు తెలియదు.

నేను మొదటిసారి లోపలికి చూశాను. హైమ రైతుబజారుకు వెళ్లే ముందు మెత్తటి చీరపేలికతో అత్తగారి కాలిని మంచం కోడుకు కట్టేది. ఏడాది కిందట ముసలామె తలుపు తీసుకుని వెళ్లిపోయి, రెండు రోజుల తరవాత చేపలరేవులో దొరికింది. అప్పటి నుంచీ ఈ కట్టు. కట్టేటప్పుడు హైమ ఆమె ముఖంలోకి చూసేది కాదు. తరవాత బయట తాళం వేసి వెళ్లేది.

ఆ ఇంట్లోంచి సన్నటి గొంతు వచ్చేది. "ఒలే, ఎవలున్నారే అక్కడ?"

ఎదుటి తలుపు తెరుచుకునేది. "నాను నూకాల్నమ్మా. నీళ్లు తాగినావా?"

"మా అప్ప మాట్లాగుందే నీ మాట. రంగం నుంచి ఎప్పుడొచ్చినావే?" రంగూనును ఆ కాలంవాళ్లు రంగం అనేవారు, అక్కను అప్ప అనేవారు.

వరండాలో ఆగకుండా వెళ్లేవాళ్లకు లోపలి సన్నటి గొంతు చెవిన పడేది కాదు. బర్మా మనిషి తాళం వేసిన తలుపుకు చెంప ఆనించి మాట్లాడడం, మధ్యలో ఆగి వినడం, నవ్వడం, అంతే కనిపించేది. వాళ్లు చెప్పింది విని హైమ గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది. ఇంకా పెద్ద తాళం కొంది.

ఒకనాడు నూకాలు తన చెంప పక్కనే ఉన్న నన్ను గమనించి కన్ను పెట్టింది. కట్టు చూసింది. కాని ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరి మాట చెల్లుతుందో ఆమెకు తెలుసు.

కార్తికంలో ఒక మధ్యాహ్నం సింహాద్రమ్మ కట్టు సంగతి మరిచి అడుగు వేసింది. బోర్లా పడింది. నెత్తురు గచ్చు మీద మెల్లగా సాగింది. కాసేపటికి నూకాలు వచ్చి పిలిచింది. జవాబు లేదు. నాలోంచి చూసింది. పరుగున వెళ్లి ముత్యాలరావు తలుపు బాదింది. ఆ తలుపుకూ నాలాంటిదే ఒకటుంది. ఆయన అందులోంచి చూశాడు. చేతులూపుతున్న తెల్ల చెంపల ముఖం. గడియ తీయలేదు. నూకాలు తన ఇంట్లోంచి పచ్చడిబండ తెచ్చి హైమ ఇంటి తాళం పగలగొట్టింది.

హైమ కూరల సంచితో వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. కట్టులోంచి కాలు తప్పించి ఉంది, అత్తగారి తల నూకాలు ఒడిలో ఉంది. నూకాలు చేతుల నిండా నెత్తురు.

కింది అంతస్తు డాక్టరు తలకు కట్టు కట్టి, మంచం మీద పడుకోబెట్టి, ప్రాణభయం లేదన్నాడు. ముసలామెకు మాత్రం ఇంకా మాట రాలేదు. ఈలోగా ముత్యాలరావు ఫోన్ చేస్తే ఎస్.ఐ. వచ్చి, అందర్నీ వరండాలో నిలబెట్టాడు. తాళం పగలగొట్టి ముసలామెను కొట్టిందని కేసు రాస్తే నూకాలుకు జైలు, ఆ తరవాత సరిహద్దు. సరిహద్దు అవతల ఆమె ఇల్లు తగలబెట్టినవాళ్లే ఉన్నారు.

"తలుపుకి తాళం ఉంది. లోపల మనిషి అరవలేదు. పడిపోయిందని నీకెలా తెలిసింది?" అని అడిగాడు.

"ఆ కన్నంలోంచి సూసినాను బాబూ."

ముత్యాలరావు నవ్వాడు. "బయట నుంచి లోపలికి కనపడతాదా ఎక్కడైనా? చేతబడి సార్ ఇది. రోజూ తలుపుతో మాటాడతాది. అందర్నీ అడగండి."

తలలూగాయి. ఆరు నెలలుగా ఆమెను తలుపుల వెనక నుంచి చూసినవాళ్లే అందరూ. ఇప్పుడు ఒక్క క్షణం వంగి నాలోంచి చూడడానికి ఒక్కరూ కదల్లేదు.

హైమ నా వైపు చూసింది. ఆ మసక చుక్క గుర్తొచ్చింది కాబోలు. వరండాలోకి వచ్చి, తలుపు దగ్గరగా లాగి, వంగింది.

ఆమె కన్ను బయటివైపు నుంచి నా మీద ఆనడం అదే మొదలు. లోపల ఆమె ఇల్లే, కాని వంకరగా, ఎవరో చెడ్డవాళ్లు కాపురముంటున్న ఇల్లులా. గోడలు వంగి ఉన్నాయి. దేవుడి పటాలు సాగి ఉన్నాయి. మంచం మీద తలకు కట్టుతో అత్తగారు, ముఖం తలుపు వైపే. కింద కోడుకు ఎర్ర చుక్కల చీరపేలిక వేలాడుతోంది, ముడితో సహా.

లోపలికి వెళ్లి దాన్ని విప్పేయడానికి పది అడుగులు చాలు. గాజు పాడైంది, ఏమీ కనపడదు అంటే ఆ పది అడుగులు కూడా అక్కర్లేదు.

"ఏటమ్మా, ఏమైనా కనపడతందా?" అన్నాడు ముత్యాలరావు.

ఆమె లేచి పక్కకు జరిగింది. "కనపడుతోంది. మీరూ చూడండి సార్."

ఎస్.ఐ. టోపీ తీసి వంగాడు. ఎంతకీ లేవలేదు. వంగి ఉండగానే అడిగాడు. "మంచం కోడుకి కట్టిందేంటమ్మా?"

"నా చీర ముక్క. కట్టింది నేనే."

నూకాలు ముందుకొచ్చి, "ముసిలమ్మకి నీళ్లు పట్టాల, నన్నెల్లనీండి బాబూ," అంది. ఎస్.ఐ. దారి ఇచ్చాడు. నూకాలు మీద కేసు లేకపోయింది. ఇక కట్టనని హైమ చేత కాగితం రాయించుకుని వెళ్లాడు.

మర్నాడు కొత్త గడియ వేయడానికి వచ్చిన వడ్రంగి నన్ను చూసి, "ఇది తిరగబడి ఉందమ్మా, సరిచేసేమంటారా?" అన్నాడు. హైమ స్క్రూడ్రైవరు వైపు కాసేపు చూసి, "వద్దు. అలాగే ఉండనీ," అంది.

ఇప్పుడు ఆ మంచానికి కట్టు లేదు. హైమ బజారుకు వెళితే నూకాలు వచ్చి ముసలామె దగ్గర కూర్చుంటుంది. తక్కిన వేళల్లో, అత్తగారి మీద గొంతు లేవబోయినప్పుడు, హైమ ఉన్నట్టుండి ఆగి తలుపు వైపు తిరుగుతుంది. పమిట సర్దుకుంటుంది. మాట మెత్తబడుతుంది.

అవతల ఎవరూ ఉండరు. ఆ సంగతి నేను ఆమెకు చెప్పను.