ఉప్పు తగినంత

బంగాళాదుంపలు కుతకుత ఉడుకుతున్నాయి. దర్జీ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, పంచదార డబ్బాకి ఆనించిన ఫోన్లో వీడియోని మళ్లీ వెనక్కి జరిపాడు. అందులో చేతులే కనిపిస్తాయి, మొహం కనిపించదు. ఉప్పు తగినంత వేసుకోమని చెప్పి ఆ చేతులు చక్కా ముందుకు వెళ్లిపోయాయి.

తగినంతట! చొక్కా తగినంత కుట్టమని ఎవడైనా బట్ట పారేసి పోతే ఊరుకుంటాడా తను? భుజం, ఛాతీ, చెయ్యి, మెడ అన్నీ కొలవందే కత్తెర ముట్టడు. వీళ్లు మాత్రం నూనె కొద్దిగా, కారం రుచికి సరిపడా అంటారు. ఉల్లిపాయలు ఎర్రబడేదాకా వేయించమంటారు, ఎంత ఎరుపో చెప్పరు. పేపర్లో వచ్చిన వంట ఇంకా ఘోరం. అందులో చెప్పినన్ని నీళ్లు పోస్తే మొన్న గుమ్మడికాయ కూర కాస్తా గుమ్మడికాయ నీళ్లయింది. తెలిసినవాళ్లకే తెలిసే వంటయితే చెప్పడం దేనికి, గొప్పకి కాకపోతే?

అసలు బాధ వేరే ఉంది. వెనక గదిలో మంచం పట్టిన భార్య తిండి మానేస్తోంది. కాస్తయినా కడుపులోకి పోతేనే మందులు పనిచేస్తాయని డాక్టరు చెప్పాడు. అందుకే అంచులు కుడుతూ కూడా మర్నాడు మెత్తగా ఏం వండాలా అని దర్జీ ఆలోచిస్తుంటాడు. ఏది పెట్టినా ఆమె ఒక చెంచా నోట పెట్టుకుని మొహం తిప్పేస్తోంది. ఒకప్పుడు ఉప్పు తగ్గిందని కంచం నెట్టేసిన మహానుభావుడు ఈయనే. ఇప్పుడు తనకీ తెలిసొస్తోంది.

మొన్న తన అక్క చూడటానికి వచ్చింది. మగవాడివి, గరిటె పట్టుకోవడమేమిటి, హోటల్నుంచి తెప్పించరాదూ అని దీర్ఘాలు తీసి పోయింది. ఆవిడ ఇంటినుంచి మాత్రం గిన్నెడు అన్నం రాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

కూర తీసుకెళ్లి తినిపించాడు. ఆమె మొహం చిట్లించింది.

"ఉప్పు కషాయం. మీ చెయ్యి ఎప్పుడూ ఎక్కువకే పోతుంది. ఎందుకో తెలుసా?"

తెలియదన్నాడు.

"బట్ట అలవాటు మీకు. ఎక్కువుంటే కత్తిరించొచ్చు, తక్కువైతే ఏం చెయ్యలేమని కాస్త ఎక్కువే ఉంచి కోస్తారు. వంటకి అది తిరగేసుకోవాలి. తక్కువ వెయ్యండి. తర్వాత కలపడం ఎంతసేపు?"

"మరి తగినంతంటే ఎంత?"

"ఇంకాస్త వేద్దామనిపించినప్పుడు ఆగిపోవడం."

ఇన్నాళ్లూ ఈ ముక్క చెప్పలేదేం అని కసిరాడు.

"మీరు అడిగిందెప్పుడు?" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది దర్జీకి.

మళ్లీ దుంపలు చెక్కు తీసి కొత్తగా వండాడు. ఉప్పు వేశాడు, ఇంకాస్త వెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పటికి ఆమెకి కునుకు పట్టింది. గిన్నె మంచం పక్క స్టూలు మీద పెట్టి, ఒక కంట చూస్తుండమని పక్కింటామెకి చెప్పి, కొట్టుకి వెళ్లాడు.

ఆ పూట కొట్టులో ప్యాంటు పొడుగైందని ఒకడు గొణిగాడు.

"బట్ట గనక కత్తిరిస్తాను. కూరయితే ఏం చేసేవాడివి?" అన్నాడు దర్జీ. వాడికి ముక్క అర్థం కాలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిలిచాడు. చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి చల్లబడిపోయింది. తను తొంగిచూసినప్పుడు లేచి కూర్చుని తింటోందని, నిద్రపోతోందనుకుని తర్వాత లేపలేదని పక్కింటామె ఏడ్చింది.

సాయంత్రానికి గది నిండా జనం. అక్క గుమ్మంలోనే మొదలుపెట్టింది. చేసిపెట్టే దిక్కులేక, ఆఖరికి మెతుకైనా ముట్టకుండా పోయిందని వచ్చినవాళ్లకల్లా చెబుతోంది. వాళ్లు అయ్యో అంటున్నారు. దర్జీ చాలాసేపు ఓర్చుకున్నాడు. చివరికి లేచి నిలబడ్డాడు.

"తింది," అన్నాడు. "నేను వండింది తింది. ఇంకోసారి తినలేదంటే ఊరుకోను."

దుఃఖంలో ఏదో అంటున్నాడని వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

స్టూలు మీద గిన్నె అలాగే ఉంది. ఒక పక్క గీత గీసినట్టు సగం ఖాళీ, రెండో పక్క అతనికని ఉంచిన వాటా చెంచా తగలకుండా ఉంది, పైన పళ్లెం మూసి.