ధర్మకాంట మీద హిమజ

అది రెండు వేల ఇరవై మూడు, వానాకాలం. మల్లాపూర్ కంపెనీల రోడ్డు మీద గుంతల్లో నీళ్లు వారం రోజులుగా ఆరలేదు.

బిక్షపతి ఐదింటికే లేస్తాడు. నాచారంలో మూడంతస్తుల ఇంటి డాబా మీద రేకుల గది ఆయనది. నలభై రెండు మెట్లు. గది పక్కనే గూళ్లు, వాటిలో పదకొండు పావురాలు. జొన్నలు చల్లి, అవి రామంతాపూర్ వైపు ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా నిలబడతాడు. అప్పుడుగానీ మెట్లు దిగి పనికి నడవడు. పని ధర్మకాంట దగ్గర. నేలకు సమంగా పరిచిన ఇనుప పలక మీద లారీ నిలబడితే గదిలో ఎర్రటి అంకెలు వెలుగుతాయి, చీటీ వస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఆయన ఆ చీటీలు చింపుతున్నాడు.

ఆ కాంట మీద మనిషి నిలబడితే ఒంటి బరువుతో పాటు మనసులో మోస్తున్నది కూడా కలిపి చూపిస్తుంది. డ్రైవర్లు టీ తాగుతూ ఒకసారి ఎక్కి దిగుతారు. "నూట ఎనభై వచ్చింది కాకా, ఇంటికి ఫోన్ జెయ్యాలె" అంటాడొకడు. "పోరడు పాసైండు, నూటపదికి దిగిన" అంటాడింకొకడు. బిక్షపతి ఎప్పుడెక్కినా నూటయాభై కిలోలే. భార్య పోయినప్పటి నుంచి అది మారలేదు, ఆయన మార్చుకోనూ లేదు.

కాంటకు ఎదురుగా ఉన్న రేకుల ఇళ్లలో బాలరాజు కాపురం. జనగామ నుంచి వచ్చినవాడు. లేత్ మిషన్ మీద పనిచేసేవాడు, కంపెనీ మూతపడి ఎనిమిది నెలలైంది. భార్య రాణి బిస్కెట్ల ప్యాకింగ్‌కు పోతుంది. వాళ్లకు ఒక్కతే బిడ్డ, హిమజ, పదేళ్లది. బడి తెరిచి నెలన్నరైనా హిమజ బడికి పోలేదు. తండ్రి చెప్పులు ఒళ్లో పెట్టుకుని పొద్దంతా గడపలో కూర్చుంటుంది. ఎవరైనా లాక్కోబోతే కరుస్తుంది. మాట మాత్రం లేదు.

రాణి దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది, టానిక్ తాగించింది, బస్తీ దవాఖానాకు రెండుసార్లు తీసుకుపోయింది. వచ్చే నెలాఖరుకు రాకపోతే పేరు కొట్టేస్తామని బడివాళ్లు చెప్పి పంపారు. ఆ రోజే బిడ్డను రెక్క పట్టుకుని కాంట దగ్గరికి వచ్చింది.

"కాకా, జర తూచి సూడు. తింటలేదు, ఉంటలేదు. గాలికి ఎగిరిపోయేటట్టుంది."

హిమజ చెప్పులతో సహా పలక మీద నిలబడింది. మూడు వందల పదిహేను.

రాణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దవాఖానా కాంట మీద పిల్ల బరువు ఇరవై ఐదే. బిక్షపతి చీటీ చింపి జేబులో పెట్టుకుని, లారీలను ఆపమని కుర్చీ అడ్డం వేసి, వానలోనే ఉప్పల్ వైపు బస్తీ దవాఖానాకు పోయాడు. అక్కడ బుధవారం బుధవారం పిల్లల మనసు చూసే పద్మశ్రీ మేడం కూర్చుంటుంది. కాకినాడ నుంచి వచ్చినామె.

"ఈ పాపని రెండుసార్లు చూశాను బిక్షపతిగారూ" అంది ఆమె సంగతి విని, చీటీ చూసి. "పెదవి విప్పలేదు. వాళ్ల నాన్నని తీసుకురమ్మన్నాను, రాలేదు."

"వాడు రాడు మేడం. పిచ్చి డాక్టర్ దగ్గరికి పోయిండంటరని వాని భయం. గాని నా పని సంగతి జెప్త వినుండ్రి. లారీ ఓవర్‌లోడ్ వస్తే నేను లారీని తిట్టను. బిల్టీ సూపియ్యమంట. సరుకు ఎవలదో దాంట్ల ఉంటది. పదేండ్ల పిల్లకు ఇంత సొంత సరుకు ఏడికెళ్లి వస్తది?"

మేడం చీటీని మడిచి రిజిస్టర్‌లో పెట్టింది. "నేనే మీ కాంట దగ్గరికి వస్తే? అక్కడికొస్తే ఎవరూ ఏమీ అనుకోరుగా?"

"ఏమనుకుంటరు? తూపియ్యనీకె వచ్చిన్రంటరు."

మరుసటి బుధవారం నాలుగింటికి మేడం కాంట గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. కాంట కింద బోల్టు వదులైందని బిక్షపతి బాలరాజును కేకేశాడు. అతను ఉత్త కాళ్లతో రోడ్డు దాటి వచ్చాడు.

"చెప్పులేవిరా?"

"మా చిన్న పోలీసు జప్తు చేసింది కాకా."

"సరే, పలక మీద నిలబడి జర ఊపు."

అరవై. బిక్షపతి అంకెల డబ్బాను అరచేత్తో చరిచాడు. అరవై.

"వానకు ఖరాబైనట్టుంది" అన్నాడు బాలరాజు.

"కాంటకేం కాలే. ఉత్త ఒంటి బరువు వచ్చిన మొగోణ్ని ఇరవై రెండేండ్లల్ల నిన్నే సూస్తున్న. నీదంతా ఏడ పెట్టినవ్‌రా?"

బాలరాజు నవ్వబోయాడు. చూపు ఎదుటి గడప మీద పడి నవ్వు ఆగిపోయింది.

"పాప ఆ చెప్పులు ఎప్పట్నుంచి పట్టుకుంది?" మేడం మెల్లగా అడిగింది.

అతను లెక్క పెట్టుకున్నట్టు నేల చూశాడు. "ఎండకాలం ఒకనాడు... తినే పళ్లెం ఇసిరికొట్టిన మేడం. నేను లేకుంటెనే మీకు నయం, ఎటన్న పోయి పడ్త అన్న. కోపంల అన్నది. తెల్లారి మర్చిపోయిన."

"మీరు మర్చిపోయారు."

బాలరాజు పోయి బిడ్డను చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. వెనకే రాణి వచ్చింది. ముగ్గురూ పలక మీద నిలబడ్డారు. మాట తేలిక చేసి చెప్పొద్దని, ఉన్నదున్నట్టు చెప్పమని మేడం అంది.

"బిడ్డా, నేను ఎటు పోను. ఒక్కోపాలి పోబుద్ధి అయితది. గట్లయితే మీ అమ్మకు చెప్త, మేడంకు చెప్త. నీకు కాపలా పని లేదు."

ఒట్టేయడానికి అతను నెత్తి మీద చేయి పెట్టబోతే, రెండు నెలలుగా మాట లేని హిమజ మొదటిసారి నోరు విప్పింది. "నా నెత్తి మీద కాదు. చెప్పుల మీద ఒట్టెయ్."

బాలరాజు చెప్పుల మీద చేయి పెట్టి ఒట్టేశాడు. ఒక్కొక్కరుగా ఎక్కి చూస్తే పిల్ల బరువు దిగడం మొదలైంది, తండ్రిది ఎక్కడం మొదలైంది. ఆ కాంట పద్ధతి అంతే. దిగింది ఎక్కడికీ మాయమైపోదు. పక్కన నిలబడి విన్నవాళ్ల మీదికి వస్తుంది.

ఐదు బుధవారాలు గడిచాయి. బాలరాజు రెండు వందలకు వచ్చాడు, అడుగు బరువుగా పడేది, అయినా పెద్దాసుపత్రిలో తనకు రాసిచ్చిన మందులు తెచ్చుకున్నాడు, చర్లపల్లిలో పని వెతుక్కున్నాడు. రాణి అరవై ఎత్తుకుంది. మేడం మీదికి యాభై వచ్చింది, శుక్రవారానికల్లా పోయింది. దింపుకోవడం ఆమె చదువుకుంది. ఈ లోపల నాచారం నుంచి, ఉప్పల్ నుంచి తల్లులు పిల్లలను పట్టుకుని రాసాగారు. దవాఖానావాళ్లు ఇంకో నాలుగు కుర్చీలు పంపి, శనివారం కూడా మేడంను అక్కడే కూర్చోమన్నారు.

హిమజ మాత్రం అరవై ఐదు దగ్గర ఆగిపోయింది. ఒంటి బరువు పోను మిగిలిన ఆ నలభై కదల్లేదు. బడి గేటు దాకా నడుస్తుంది, గంట వినగానే కాళ్లు ఆగిపోతాయి. నెలాఖరుకు మూడు రోజులే ఉన్నాయి.

"మీరు మాత్రం ఎక్కకండి" అని మేడం బిక్షపతికి ముందే చెప్పింది. "దింపుకోవడం మీకు రాదు."

"నాకు రానిది మస్తుంది మేడం. ఏది ఆగింది?"

ఆ శనివారం మేడం ఇంకా రాలేదు. హిమజ ఒక్కతే వచ్చి పలక మీద నిలబడింది. "తాతా, ఒకటి చెప్పాలె. అమ్మకు, డాడీకి కాదు."

బిక్షపతి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, పోయి ఆమె పక్కన నిలబడ్డాడు.

"డాడీ గట్ల అన్ననాడు... నేను మనసుల 'పో' అనుకున్న తాతా."

లారీ ఒకటి హారన్ కొట్టింది. ఆయన చేయెత్తి ఆపాడు.

"అందరం అనుకుంటం బిడ్డా. నేను మా నాయినను నాలుగుసార్లు అనుకున్న. ఆయన తొంభై ఏండ్లు బతికి నా నెత్తి తిన్నడు."

హిమజకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఏడుపు అయ్యేదాకా ఆయన దిగలేదు, లారీని ఎక్కనియ్యలేదు. దిగి గదిలోకి వచ్చి చూస్తే అంకెలు ఇరవై ఐదు. పిల్ల రోడ్డు దాటి ఇంటికి పరుగెత్తింది.

సోమవారం హిమజ బడికి పోయింది. బాలరాజు చెప్పులు తొడుక్కుని పనికి పోయాడు.

బిక్షపతికి నూట తొంభై వచ్చింది. ఆ నలభై ఇప్పటికీ దిగలేదు. నలభై రెండు మెట్లు ఎక్కలేక కింది వాటాలో గది తీసుకున్నాడు. పదకొండు పావురాలను మల్కాజిగిరిలో తెలిసినవాళ్లకు ఇచ్చేశాడు.