పచ్చ అంచు ముక్క

మా అల్లుడుగారు పానా పట్టుకుంటే చాలు, ఇంజినీరైపోయాననుకుంటారు. ముసలి డీజిల్ కారు నీళ్ళు తాగేస్తోందని, ఇంజను మూత కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ తానే మారుస్తానని వాకిట్లో ఇంజను విప్పారు. నిండు నెలల మా అమ్మాయిని రేపు ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సింది ఆ కారులోనే.

సిలిండర్లలో దుమ్ము పడకుండా కుక్కడానికి గుడ్డలు కావాలంటే నా పాత పచ్చ అంచు తువ్వాలు చింపి ఇచ్చాను. సాయంత్రానికి కొత్త గ్యాస్కెట్ వేసి, పైన హెడ్ మూత బిగించి, స్టార్ట్ చేద్దామని కారెక్కి కూర్చున్నారు. నేను మసిగుడ్డలు ఏరుతుంటే పచ్చ అంచున్న ముక్క కనబడలేదు.

"ఆగండి బాబూ! అంచు ముక్క ఏది?"

"గాలికి పోయుంటుంది లెండి అత్తయ్యా. మీకన్నీ అనుమానాలే."

"ఆకు కూడా కదలట్లేదు, గాలెక్కడిది? విప్పండి!" అంటూ తాళంచెవి లాక్కున్నాను.

గొణుక్కుంటూ విప్పారు. మూడో సిలిండర్లో పచ్చ అంచు తొంగి చూసింది.

"అదే కాలిపోయేది లెండి," అన్నారు, సిగ్గు లేకుండా.

"దాంతోపాటు మా పిల్ల కూడానా?"

ఒకసారి బిగించిన గ్యాస్కెట్ మళ్ళీ పనికిరాదట. రేపటికి టాక్సీ మాట్లాడాను. అల్లుడుగారిని ముందు సీట్లో కూర్చోమన్నాను, చేతులు ఒళ్ళో పెట్టుకుని.