బండోడి గచ్చు

పెద్దాయనకు శుభ్రమంటే ప్రాణం. ఆయన జూలో ఏ బోను ముందు నిలబడినా ఫినాయిలు వాసన తప్ప ఇంకో వాసన ముక్కుకు తగిలేది కాదు. తెల్లారగానే నీళ్ళ పైపు భుజాన వేసుకుని బయల్దేరేవాడు. కోతుల బోను, నక్కల గది, నెమళ్ళ దొడ్డి, చివరికి ఎలుగుబంటి ఉండే గచ్చు, అన్నీ దగ్గరుండి కడిగించేవాడు. పనివాళ్ళు కడిగింది నచ్చకపోతే పైపు లాక్కుని తనే మళ్ళీ కడిగేవాడు. "మా బోన్లలో నేల మీద వడ్డించుకుని తినొచ్చు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఎవరూ తిని చూడలేదు గానీ ఆ మాటలో అబద్ధం లేదు.

జూ అంటే మరీ పెద్దదేం కాదు. హైవే పక్కన ఆయన నడిపిన హోటలుకు వచ్చే పిల్లలు సరదాపడతారని ఒక నెమళ్ళ జంటను తెచ్చి పెడితే, అది పెరిగి పెరిగి ఇంతయింది. తర్వాత్తర్వాత హోటలు మూతపడింది, జూ మిగిలింది.

అన్నిట్లోకీ ఆయనకు ముద్దు బండోడు. ఎత్తేసిన సర్కసువాళ్ళ దగ్గర్నుంచి కూనగా ఉన్నప్పుడే తెచ్చుకున్న ఎలుగుబంటి. సీసాతో పాలు పట్టి పెంచాడు. భార్య పోయాక, ఇంట్లో కూతురితో ఆడిన మాటలకంటే ఊచల ఇవతల నిలబడి బండోడితో ఆడిన మాటలే ఎక్కువ. రోజూ ఒకే వేళకు, ఒకే తలుపు దగ్గర, తన చేత్తోనే తిండి పెట్టేవాడు. ఆ వేళ అయ్యేదాకా బండోడు తలుపు దగ్గర నిలబడి తల అటూ ఇటూ ఊపుతూనే ఉండేవాడు. "మావాడు డాన్స్ చేస్తాడు, చూడండి" అంటూ పెద్దాయన మురిసిపోయేవాడు.

ఆ డాన్సే కొంప ముంచింది. ఎవరో దాన్ని ఫోన్లో తీసి లోకం మీదికి వదిలారు. చూసినవాళ్ళు నవ్వలేదు సరికదా, నోటికొచ్చినట్టు తిట్టారు. సర్కారు ఆఫీసు నుంచి మనిషి వచ్చి, జంతువుల పరిస్థితి బాగుచేస్తారా, గేటుకు తాళం వేస్తారా అని అడిగి వెళ్ళాడు. టికెట్ల గదిలో కూర్చునే కూతురు, తండ్రికి మాటమాత్రంగానైనా చెప్పకుండా, ఇలాంటి జూలను చక్కదిద్దడానికి దేశదేశాలూ తిరిగే ఒక సంఘానికి ఫోన్ చేసింది. వాళ్ళు ఒక పశువుల డాక్టరమ్మను పంపారు.

డాక్టరమ్మ పరాయి దేశం మనిషే గానీ భాష చక్కగా పట్టుకుంది. వచ్చిన రోజు సూది తీయలేదు, మందు తీయలేదు. బండోడి ఎదురుగా స్టూలు వేసుకుని, గొడుగు తెరుచుకుని, పొద్దుగూకేదాకా అలాగే కూర్చుంది.

"వైద్యం చేస్తుందంటే సినిమాకొచ్చినట్టు కూర్చుందేమిటే?" అన్నాడు పెద్దాయన కూతురితో.

"నీకు అడ్డమేముంది నాన్నా? కూర్చోనీ."

సాయంత్రం టికెట్ల గదిలో టీ తాగుతూ డాక్టరమ్మ అంది: "బాబాయిగారూ, మీ బండోడికి జబ్బేం లేదు. పళ్ళు బాగున్నాయి, ఒళ్ళు బాగుంది. ఇంత శుభ్రమైన బోను నేనెక్కడా చూడలేదు."

పెద్దాయన విన్నావా అన్నట్టు కూతురి వైపు చూశాడు.

"ఆ శుభ్రంతోనే చిక్కు. వాడికి లోకమంతా ముక్కులో ఉంటుంది. ఎవరొచ్చారు, ఎవరు పోయారు, గాలి ఎటు తిరిగింది, అన్నీ వాసనలోనే తెలుసుకుంటాడు. మీరు పొద్దున్నే అంతా కడిగేస్తున్నారు. తవ్వడానికి మట్టి లేదు, ఎక్కడానికి మొద్దు లేదు, జనం కళ్ళబడకుండా కాసేపు దాక్కుందామంటే చాటు లేదు. వాడు చేసేది డాన్స్ కాదండీ. ఏం తోచక, మతిపోయి ఊగుతున్నాడు."

"బండోడి సంగతి నువ్వు నాకు చెప్తావా, అమ్మాయ్? పాలు పట్టి పెంచినవాణ్ణి!" పెద్దాయన చివాల్న లేచాడు. టీ సగంలోనే వదిలేశాడు.

విసురుగా తిండిగిన్నె పట్టుకుని బోను దగ్గరికి వెళ్ళాడు. కంచె అవతల ఒక చంటిపిల్ల బండోడి లాగే తల ఊపుతోంది. వాళ్ళమ్మ పడీపడీ నవ్వుతోంది. ఆయన ఎన్నోసార్లు చూసిన ముచ్చటే. ఎన్నోసార్లు తనూ నవ్వాడు. ఈసారి మాత్రం ఆయన చూపు బండోడి కళ్ళ మీదికి పోయింది. ఆ కళ్ళు పిల్లను చూడటం లేదు. గిన్నెనూ చూడటం లేదు. ఎటూ చూడటం లేదు. సీసా నోట్లో పెట్టుకుని తనవైపు టుకుటుకుమంటూ చూసిన కళ్ళు అవేనా అనిపించింది ఆయనకు.

తిరిగొచ్చి, గుమ్మంలోనే నిలబడి అన్నాడు: "సరే, మట్టి పోయించండి. వాడు తొక్కకపోతే మాత్రం మర్నాడే ఎత్తించేస్తా."

పాత హోటలు వెనక ఖాళీగా పడి ఉన్న దొడ్డిని బోనులో కలిపేశారు. గచ్చు పగలగొట్టారు. ట్రాక్టర్లతో మట్టి పోయించి దిబ్బ కట్టారు. మొద్దులు దొర్లించి, పొదలు నాటి, నీళ్ళకు మడుగు తవ్వారు. తలుపు ముందు మాత్రం చారెడు గచ్చు మిగిలింది.

బండోడు ఆ చారెడు గచ్చు మీదే నిలబడి ఊగాడు. ఆ రోజూ అంతే, మర్నాడూ అంతే.

"చూశావా! నా పెంపకం మరి. బురదలో కాలు పెడతాడా?" అన్నాడు పెద్దాయన. అన్నాడు గానీ, గెలిచిన సంబరం ఎంత వెతుక్కున్నా ఆయనకు దొరకలేదు.

డాక్టరమ్మ మళ్ళీ స్టూలెక్కింది. మధ్యాహ్నానికి లేచి వచ్చి, "నాదే పొరపాటు బాబాయిగారూ," అంది. "మట్టి పోస్తే చాలనుకున్నాను. వాడు మట్టి వైపే చూడటం లేదు. మీరొచ్చే దారి చూస్తున్నాడు, రోజంతా."

"చూడడా మరి?"

"చూస్తాడు. వాడి రోజు మొత్తంలో జరిగే సంగతి మీరొక్కరే. అందుకే కొన్నాళ్ళు మీరు తలుపు దగ్గరికి రాకూడదు. వాణ్ణి లోపలి గదిలో పెట్టినప్పుడు తిండి మట్టిలోనూ మొద్దుల కిందా దాచేయాలి. ఎప్పుడు దొరుకుతుందో, ఎక్కడ దొరుకుతుందో వాడికి తెలియకూడదు."

పెద్దాయన ముఖం మాడిపోయింది. "నన్ను వాడి కంటబడొద్దంటావు."

"దాచేది మీరే. మీ చేతి తిండే. మీరు కనబడకుండా ఉంటే చాలు."

కూతురు అందుకుంది. "నాన్నా, నన్ను కొత్తగా బళ్ళో వేసినప్పుడు నువ్వు గేటు దగ్గర నిలబడ్డంతసేపూ ఏడుస్తూ కదిలేదాన్ని కాదట. గోడ చాటుకెళ్ళాక నాపాటికి నేను ఆడుకున్నానట."

"నీకెవరు చెప్పారే?"

"నువ్వే."

పెద్దాయన కాసేపు తల గోక్కున్నాడు. ఆపైన చిలగడదుంపల బుట్ట చంకనెత్తుకుని దొడ్డిలోకి నడిచాడు.

దాచడం ముగించి, టికెట్ల గది కిటికీ వెనక నక్కి కూర్చున్నాడు. బండోడిని వదిలారు. వాడు అలవాటుగా గచ్చు మీదికొచ్చి నిలబడ్డాడు. తిండి వేళయింది, ఎవరూ రాలేదు. ఒక్క అరుపు అరిచాడు. పెద్దాయన ఉన్నపళాన లేవబోతే కూతురు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

కాసేపటికి బండోడి ముక్కు పైకి లేచింది. ముందుకాలు మట్టి మీద పెట్టి, వేడినీళ్ళు తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. ఈసారి తీయలేదు. వాసన పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ మొద్దు దగ్గరికి వెళ్ళాడు, దాన్ని దొర్లించాడు, కింద తవ్వాడు. దుంప దొరికింది. అక్కడే చతికిలబడి, రెండు చేతులతో పట్టుకుని తిన్నాడు. అది అయిపోయాక, ఏమీ దాచని చోట కూడా తవ్వడం మొదలుపెట్టాడు. తవ్వి తవ్వి, చివరికి ఆ గుంటలో వెల్లకిలా పడి దొర్లాడు.

"చూడవే, ఒళ్ళంతా ఎంత మట్టి చేసుకున్నాడో, వెధవ!" అంటూ పెద్దాయన కిటికీకి ముఖం ఆనించాడు.

"పైపు తేనా?" అంది కూతురు.

"నోర్మూసుకో."

ఆ తర్వాత నక్కలకు బొరియలు, కోతులకు తాళ్ళు, నెమళ్ళకు కొమ్మలు వచ్చాయి. ఆఫీసు మనిషి మళ్ళీ వచ్చి, చుట్టూ తిరిగి చూసి, తాళం మాట ఎత్తకుండా వెళ్ళాడు. "టికెట్ కొన్నాం, ఎలుగుబంటి ఏదండీ?" అని కొందరు దెబ్బలాటకు వచ్చేవారు. "ఉన్నాడు, వెతకండి" అనేది కూతురు. పెద్దవాళ్ళు విసుక్కునేలోపు పిల్లలే పొదల మధ్య నల్లటి వీపు చూసి కేకలు పెట్టేవారు.

ఊగడం మొత్తం మానలేదు బండోడు. జనం గోల ఎక్కువైన రోజున మళ్ళీ గచ్చు మీదికొచ్చి తల ఊపుతాడు. అది పూర్తిగా పోకపోవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. అలాంటప్పుడు పెద్దాయన ఎవరినీ పిలిచి చూపించడు. వాణ్ణి లోపలికి రప్పించి, దొడ్డిలో ఏదో ఒకటి కొత్త చోట దాచి వస్తాడు.

డాక్టరమ్మ ఇంకో దేశం, ఇంకో జూకు వెళ్ళిపోయింది. ఫోన్ చేసిందంటే పెద్దాయన ఆమెను ఓ పట్టాన వదలడు. "నిన్న మొద్దు తొర్రలో తేనె పూశా. వాడి తిప్పలు చూడాలి! గెలిచాడనుకో. రేపు చూస్తా వాడి పని."

ఈమధ్య బజారుకూ తనే వెళ్తున్నాడు. గుమ్మడికాయలు ఒక్కొక్కటే ఎత్తి, తట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంటే కూరగాయల అమ్మి నవ్వింది.

"అంత పరీక్ష ఏంటి బాబాయ్, కూరకా?"

"కూరకెందుకే, దాచడానికి!" అన్నాడాయన, అన్నిట్లోకీ పెద్ద కాయను సంచిలో వేసుకుంటూ.