తొమ్మిదింటి మాత్ర

మా ఆయన బస్ స్టేషన్లో మైకులు బాగుచేస్తారు. అందరి గొంతులూ ఆయన చేతి మీదుగానే వినిపిస్తాయి, ఆయన గొంతు తప్ప. ఆయనకు నత్తి. నాకేమో నోరు ఊరుకోదు. ఆయన మాట మొదలుపెడితే పూర్తిచేసేది నేనే. మీ ఇద్దరికీ కలిపి ఒక్కటే నోరని మా అత్తగారు నవ్వుతుంటారు.

అక్కడి అనౌన్సర్ రిటైరవుతుంటే, నాకు మాట మాత్రమైనా చెప్పకుండా ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టారు. నాకు మతిపోయింది.

"అనౌన్సరుగానా?" అన్నాను.

"అ-అవును," అన్నారు. చిన్నప్పటి నుంచీ అదే కోరికట.

మైకు ముందు పరీక్ష పెడతారనగానే ఆయనకు దడ పట్టుకుంది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఆవిడ బీపీ చూసి, ఉబ్బసం లేదని రూఢి చేసుకుని, బీటా బ్లాకర్ మాత్ర రాసింది. "ఇది నత్తికి మందు కాదు. గుండె దడకీ చేతుల వణుకుకీ. అవి తగ్గితే మాట ఎలా వస్తుందో చూద్దాం. ముందు ఒక సెలవు రోజు వేసుకుని చూడండి," అంది. ఆదివారం వేసుకున్నారు. ఇక గలగలా మాట్లాడేస్తారని ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చున్నాను.

"అ-అలా చూడకు," అన్నారు.

పరీక్ష రోజు తొమ్మిదింటికి మాత్ర, పదింటికి మైకు. నిజం ప్రయాణికులకు నిజం బస్సుల గురించే చెప్పాలి, ప్రతిదీ రెండుసార్లు. "నువ్వు హాల్లో కూర్చో. ఏ-ఏం జరిగినా మాట అందించకు," అన్నారు.

గంట మోగింది. "ప్రయాణికులకు గమనిక. తదుపరి బస్సు ప-ప-"

ఆగిపోయింది. స్పీకర్లో గుయ్‌మనే చప్పుడు తప్ప ఏమీ లేదు. పక్కావిడ తలెత్తి, "మైకు పోయినట్టుంది," అంది. మా ఆయన బాగుచేసిన మైకు పోవడమా? ఒళ్ళు మండింది. బస్సు ఎదురుగా పన్నెండో ప్లాట్‌ఫారం మీదే కనిపిస్తోంది. 'పన్నెండు' నా నాలుక చివర గంతులేస్తోంది. చేత్తో నోరు మూసుకున్నాను. గుండె దడదడలాడుతోంది. ఆ మాత్ర నేను వేసుకోవాల్సింది.

అప్పుడు ఆయన ఊపిరి తీసుకోవడం వినిపించింది, నింపాదిగా. "పన్నెండో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది." రెండోసారీ అక్కడే ఆగారు, కాస్త తక్కువసేపు. జనం సంచులు తీసుకుని పన్నెండు వైపు నడిచారు. ఒక్కరూ పదకొండుకి వెళ్ళలేదు. నాకు లేచి గంతులేయాలనిపించింది.

మేనేజరు గది బయటికొచ్చి మరీ చెప్పాడు. "ఆగితే ఆగారు, తప్పు చెప్పలేదు. ఎల్లుండి ఎనిమిదింటికి రండి."

ఆయన ముఖం వెలిగిపోతోంది. "దడ లేదు. మా-మాట ఆగింది, నేను బెదరలేదు," అన్నారు క్యాంటీన్లో కూర్చోగానే.

సర్వరు వచ్చాడు. "రెండు టీ," అన్నాను, అలవాటుగా.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "ఒ-ఒకటే టీ. నాకు క-క-"

నాలుక దురద పెట్టింది. ఆగాను. సర్వరూ ఆగాడు.

"కాఫీ."

"మీరు తాగేది టీయే కదండీ?" అన్నాను.

"పెళ్ళైన కొత్తలో అడిగావు. కా-కాఫీ అనేలోపే టీ పెట్టేశావు."

మా పెళ్ళై పదకొండేళ్ళు. సిగ్గుతో నా తల వాలిపోయింది. ఆయన మాత్రం పగలబడి నవ్వుతున్నారు.

నా కుర్చీ ఆయన దగ్గరికి లాక్కున్నాను. "ఇన్నాళ్ళూ ఇంకేమేం మింగేశారో చెప్పండి," అన్నాను. "నేను ఆగుతాను."