కొత్త పిట్టగోడ

రాఘవులుది బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. తాతల నాటి నుంచీ వేటే బతుకు. చేప పలచబడ్డాక, వేట నిషేధం ఉన్న నెలల్లో తెనాలి వెళ్ళి అపార్ట్‌మెంట్లకు రంగులు వేయసాగాడు. ఒకప్పుడు మూడంతస్తుల మేడే గొప్ప అనుకున్న తెనాలిలో ఇప్పుడు ఊరి చివర మినుము చేలల్లో పదేసి అంతస్తులు లేస్తున్నాయి. అంత ఎత్తున తాడుకు కట్టిన చెక్కపీట మీద కూర్చుని గోడకు రంగు వేయడానికి అందరూ రారు. బోటు మీద పెరిగినవాళ్ళకు తాడంటే భయం ఉండదని మేస్త్రీలు ఈ ఒడ్డువాళ్ళనే పిలిచేవారు.

ఒక ఏడు చెల్లెలి భర్త మణికంఠను కూడా వెంట తీసుకెళ్ళాడు. చెల్లెలు సంధ్యారాణికి అది ఇష్టం లేదు. గాలివాన వచ్చినప్పుడల్లా ఒడ్డున నిలబడి ఎదురుచూడటం కన్నా ఇదే నయమని రాఘవులు నచ్చజెప్పాడు.

వాళ్ళు పనికి కుదిరిన పదంతస్తుల భవనంలో అప్పటికే కొందరు కాపురాలు పెట్టారు. ఒక పొద్దున ఇద్దరూ డాబా మీది నుంచి పక్కపక్కనే దిగారు. రాఘవులు తాడు నీళ్ళ ట్యాంకు స్తంభానికి కట్టి ఉంది. మణికంఠ తాడు అక్కడిదాకా చాలక డాబా అంచునున్న పిట్టగోడకు కట్టారు. గోడ కొత్తది, చూడ్డానికి గట్టిగానే ఉంది. ఎనిమిదో అంతస్తు దాకా వచ్చేసరికి పైన ఇటుకలు కదిలిన చప్పుడైంది. రాఘవులు తల తిప్పేసరికి పక్కన మనిషి లేడు.

అతని చేతులు తాడుకు బిగుసుకుపోయాయి. పైకి వెళ్ళలేడు, కిందికి దిగలేడు. చేతికందేంత దగ్గరున్న బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న సుగుణమ్మ అనే పెద్దావిడ అది చూసి కోడలిని పిలిచింది.

“నాయనా, నన్ను చూడు. కిందికి చూడకు. చెయ్యి ఇటివ్వు.”

అత్తాకోడళ్ళిద్దరూ కలిసి అతన్ని లోపలికి లాగారు. లిఫ్టు తలుపు తెరుచుకుంటే రాఘవులు అందులో కాలు పెట్టలేకపోయాడు. మోకాళ్ళ నొప్పులున్నా సుగుణమ్మ అతని మోచెయ్యి పట్టుకుని మెట్లన్నీ దిగింది. కింద జనం మూగారు. మణికంఠ అప్పటికే పోయాడు.

పనివాళ్ళు ఒప్పుకోక ఆ గోడ రంగు సగంలో ఆగిపోయింది. రాఘవులు మళ్ళీ బోటెక్కాడు. చెల్లెలికి ఎదురుపడకుండా తప్పుకుని తిరిగేవాడు. వానలు తగ్గాక ఒకరోజు తనే వచ్చి, ఆయన పనిచేసిన చోటు చూడాలని ఉంది, తీసుకెళ్ళమంది.

ఇద్దరూ రైల్లో తెనాలి వెళ్ళారు. వాచ్‌మన్ లోపలికి వెళ్ళనివ్వలేదు. కబురు తెలిసి సుగుణమ్మే కిందికి వచ్చి, మా వాళ్ళేనని చెప్పి పైకి తీసుకెళ్ళింది. మణికంఠ ఆ పొద్దున వేసిన రంగు ఆమె బాల్కనీ పక్కదాకా వచ్చి ఆగిపోయి ఉంది. సంధ్యారాణి చెయ్యి చాపి గోడను తడిమింది. చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

అంతలో బయట ఒక తాడు ఊగుతూ దిగింది. ఆగిన పని ఆ రోజే మళ్ళీ మొదలుపెట్టారు. దాన్ని దేనికి కట్టారో చూడాలని ముగ్గురూ డాబా మీదికి వెళ్ళారు. కొత్తగా వచ్చిన పనివాళ్ళు ఇద్దరు దిగడానికి సిద్ధమవుతున్నారు. ఒక తాడు స్తంభానికి ఉంది. రెండోది, కూలినచోట మళ్ళీ కట్టిన పిట్టగోడకు ఉంది.

ఆ తాడు మీద మనిషి దిగాల్సిన చోట సంధ్యారాణి వెళ్ళి కూర్చుంది. పని చూస్తున్న మధుసూదన్ అనే సూపర్‌వైజరుకు ఆమె ఎవరో సుగుణమ్మ చెప్పింది. అతను తగ్గి మాట్లాడాడు.

“అమ్మా, గోడ కొత్తగా కట్టించామండి. ఏం కాదు, మీరు లేవండి.”

“మా ఆయన తాడు కట్టిందీ కొత్త గోడకేనండి,” అంది సంధ్యారాణి. “మీరు దీనికి కట్టుకుని ఒక్కసారి దిగండి. నేను లేచిపోతాను.”

మధుసూదన్ గోడ వంక చూశాడు, తర్వాత పనివాళ్ళ వంక. వాళ్ళలో ఒకడు నడుముకున్న తాడు విప్పుకుని కింద పెట్టేశాడు. రెండోవాడూ విప్పాడు. మధుసూదన్ యజమానికి ఫోను చేస్తే, ఆయన పని ఆపడానికి వీల్లేదన్నాడు. సుగుణమ్మ ఫోనందుకుని, తాను కూడా ఈమె పక్కనే కూర్చుంటున్నానని చెప్పి కూర్చుంది. కాసేపటికి పై అంతస్తుల ఆడవాళ్ళు మరికొందరు వచ్చారు. సాయంత్రం యజమాని ఒప్పుకుని, తాళ్ళు కట్టుకోవడానికి ట్యాంకు స్తంభాల నుంచి డాబా అంచుదాకా ఇనుప దూలాలు వేసే మనుషులను పంపాకే సంధ్యారాణి లేచింది. వెళ్ళబోతుంటే తాడు విప్పినతను ఆమెకు దణ్ణం పెట్టాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక ఆమె నెమ్మదిగా అడిగింది.

“అన్నయ్యా, ఆయన చివర్లో ఏమన్నాడు?”

రైలు నిడుబ్రోలు స్టేషన్ దాటింది. అప్పుడు రాఘవులు నోరు విప్పాడు. గోడ కదిలినప్పుడు ఒక్కసారి ‘బావా’ అన్నాడని, తాను పలకలేకపోయానని, ఒంటరిగా ఉన్నప్పుడల్లా ఆ పిలుపే వినపడుతోందని చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. సంధ్యారాణి అతని చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. బాపట్ల వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.