తీసుకోని అప్పు

అప్పు లేనివాడే అధిక సంపన్నుడని పెద్దలన్నారు. ఆ లెక్కన మన కళ్ళజోళ్ళాయన మహా ధనవంతుడు కావాలి. పుట్టి బుద్ధెరిగాక ఒకరి ముందు చెయ్యి చాచిన మనిషి కాదు. నెలాఖరుకి జేబు తడుముకోవడం తప్ప ఆ సంపద ఎక్కడ దాచాడో ఎవరికీ తెలియదు, అది వేరే సంగతి.

అతను పనిచేసేది రెండు గదుల కళ్ళజోళ్ళ షాపులో. ముందు గదిలో ఫ్రేములు, వెనక గదిలో అద్దాలు అరగదీసే యంత్రం. దాని ముందు స్టూలు మీద కూర్చుని అద్దం అంచు అరగదీస్తాడు, ఫ్రేములో బిగిస్తాడు, చెవుల వెనక నొక్కుకోకుండా కాడలు వంచుతాడు. ఇరవై ఏళ్ళుగా అదే స్టూలు, అదే నడుంనొప్పి. షాపు మాత్రం యజమాని ముసలాయనది. ఆయనకి మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక వల్లకాదు, నువ్వు తీసుకుంటానంటే నీకే ఇస్తానన్నాడు. నెలాఖరు దాకా చూస్తాను, ఆ తర్వాత పక్కనున్న మందుల షాపు వాడికి ఇచ్చేస్తాను, వాడు మధ్య గోడ కొట్టి కలిపేసుకుంటాడు అని కూడా అన్నాడు. అంటే వస్తే షాపు వస్తుంది, రాకపోతే ఉన్న స్టూలు కూడా పోతుంది.

సరే, బ్యాంకు లోనుకి వెళ్ళాడు. అక్కడి కుర్ర ఆఫీసరు మంచివాడే. క్రెడిట్ రిపోర్టు తెరిచి, నాలుగు సార్లు కిందికీ పైకీ జరిపి, తెర ఇతని వైపు తిప్పాడు. బాకీలు వసూలు చేసే కలెక్షన్ ఏజెన్సీ వాళ్ళ ఎంట్రీ ఒకటి ఉందని, అది ఉండగా లోను రాదని చెప్పాడు.

కళ్ళజోళ్ళాయనకి ఒళ్ళు మండిపోయింది. ఆ ఏజెన్సీ సంగతి అతనికి కొత్తేం కాదు. ఏనాడో ఎవడో మహానుభావుడు ఇతని కాగితాల నకళ్ళు సంపాదించి, ఇతని పేరున వాయిదాల మీద గోడంత టీవీ కొనుక్కుపోయాడు. బాకీ ఏజెన్సీ చేతికెళ్ళింది. పొద్దునా సాయంత్రం వాళ్ళ ఫోన్లు. నాది కాదు మొర్రో అని అరిచి అరిచి ఇతని గొంతు బొంగురుపోయింది. ఓ ఏడాదికి ఫోన్లు ఆగిపోతే పీడా విరగడైందనుకున్నాడు.

"ఇంత పాత బాకీ ఎవరూ కదపకపోతే ఈపాటికి దానంతటదే రిపోర్టులోంచి పోయేదండీ," అన్నాడు ఆఫీసరు. "కానీ మీరు కడుతున్నారుగా. కట్టినప్పుడల్లా మళ్ళీ కొత్తదవుతుంది. పోయిన నెల కూడా పడింది."

కడుతున్నది ఎవరు? నేనా? ఎప్పుడు? కళ్ళజోళ్ళాయన బ్యాంకు మెట్ల మీదే కూలబడి ఏజెన్సీకి ఫోన్ చేశాడు. ఒకటి నొక్కమన్నారు, నాలుగు నొక్కమన్నారు, సంగీతం వినిపించారు. ఎత్తిన ప్రతివాడూ పుట్టిన తేదీ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. తలప్రాణం తోకకొచ్చాక ఫిర్యాదుల విభాగంలో ఒకమ్మాయి దొరికింది. మర్యాదస్తురాలే, కానీ ఎదురు ప్రశ్న వేసింది.

"మీది కాని అప్పు ఇన్నేళ్ళు ఎవరు కడతారు సార్?"

డబ్బు మీ వీధి చివర డబ్బు పంపే కొట్టు నుంచే వస్తోందని కూడా ఆమే చెప్పింది.

ఇంటికెళ్ళేసరికి భార్య వేడినీళ్ళ బకెట్లో పాదాలు పెట్టుకుని కూర్చుంది. ఆసుపత్రి లాండ్రీలో రోజంతా నిలబడి దుప్పట్లు మడతపెట్టే మనిషి. విషయం అడిగితే ఆమెకి కోపం కూడా రాలేదు, అంత అలిసిపోయి ఉంది. నా చెప్పులు కుట్టించుకోవడానికే దిక్కులేదు, ఎవడో చూసే టీవీకి నేను కడతానా, మనింట్లో టీవీ చూడు, సగం తెర పచ్చగానే వస్తుంది, కందకి లేని దురద కత్తిపీటకెందుకు అంది. అక్కడికి ఆ అనుమానం తీరింది.

"నేనే కడుతున్నా," అంది లోపలి గదిలోంచి అమ్మ.

కుళాయి కట్టేశానన్నంత మామూలుగా అంది. మంచం మీద కూర్చుని బీన్సు తుంచుతోంది, చెయ్యి కూడా ఆపలేదు. ఇతను ఫోనెత్తడం మానేశాక వాళ్ళు ఇంటి ఫోనుకి చేశారట. పాపం, ఆ పిల్ల "అమ్మగారూ" అని ఎంతో మర్యాదగా మాట్లాడిందట. కట్టకపోతే మనుషులు గుమ్మంలోకి వస్తారంది కాబట్టి పోయిన భర్త పింఛనులోంచి నెలకింత పంపుతోందట. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, వాళ్ళు అడగడం, ఈవిడ కట్టడం.

కళ్ళజోళ్ళాయన గోడకి చేరగిలబడ్డాడు. పళ్ళసెట్టు కట్టించుకోమ్మా అంటే ఎన్నేళ్ళుగానో వాయిదా వేస్తూ వచ్చింది. ఈ వయసులో నేనేం నమలాలిరా అనేది. ఒకవైపు దవడతోనే మెత్తని ముద్దలు నములుతూ, పోగేసిందంతా ఆ టీవీ దొంగ ఖాతాలో పోసిందన్నమాట. 

"నాది కాదని అప్పుడే చెప్పాను కదమ్మా."

"చెప్పావు నాయనా."

"మరెందుకు కట్టావు?"

"మీ నాన్న కూడా అలాగే చెప్పేవాడు," అంది అమ్మ.

ఆ మాట నిజమే. నాకెవరికీ కాణీ బాకీ లేదని ఆయన ఆఖరి రోజు దాకా మీసం మీద చెయ్యేసి చెప్పాడు. ఆయన పోయి వారం తిరక్కుండా గుమ్మం ముందు అప్పులవాళ్ళ చెప్పులు బారులు తీరాయి. అమ్మకున్న రెండు గాజులూ అలా పోయాయి. తండ్రి చేసిన పనికి కొడుకు ఏం సమాధానం చెబుతాడు? అయినా ఆ సాయంత్రమంతా చెప్పాడు. దొంగ కాగితాల సంగతి చెప్పాడు, టీవీ సంగతి చెప్పాడు, షాపు పోతుందని చెప్పాడు. అమ్మ బీన్సు పూర్తిచేసి, గిన్నె పక్కన పెట్టి, చీర కుచ్చెళ్ళు దులుపుకుంది. సరే, నువ్వు తీసుకోలేదు, ఇప్పుడు నేనేం చెయ్యాలో చెప్పు, చేస్తానంది.

చెయ్యాల్సింది ఒకటే. కట్టింది ఆవిడేనని, కొడుక్కి తెలియకుండా కట్టిందని, అప్పు కొడుకుది కాదని ఫోనులో చెప్పాలి. వాళ్ళు రికార్డు చేసుకుంటారు. ఆవిడ ఒక్క మాట తడబడి మావాడి అప్పే కదమ్మా అందంటే, అంతే, షాపుకి నీళ్ళొదులుకోవచ్చు.

మర్నాడు పొద్దున్నే ఫిర్యాదుల అమ్మాయికి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, మంచం మీద అమ్మ ముందు ఉంచాడు. భార్య డ్యూటీ చీర కట్టుకుని తలుపు దగ్గర నిలబడిపోయింది. అమ్మాయి పేరు అడిగింది, వయసు అడిగింది, డబ్బు ఎక్కడి నుంచి పంపేవారో అడిగింది. అమ్మ అన్నిటికీ నిదానంగా చెప్పింది. ఆఖర్న అసలు ప్రశ్న వచ్చింది.

"అమ్మగారూ, ఈ అప్పు మీ అబ్బాయి తీసుకున్నదేనా?"

అమ్మ కొడుకు మొహంలోకి చూసింది. 

"కాదమ్మా. నా కొడుకు తీసుకోలేదు. వాడు అలాంటివాడు కాదు. నేనే మీకు భయపడి, వాడికి తెలియకుండా కట్టాను."

గొంతు ఎక్కడా వణకలేదు. అంత గట్టిగా ఆవిడ మాట్లాడగా అతను ఎన్నడూ వినలేదు. అమ్మాయి కాసేపు ఏదో టైపు చేసి, ఇది చాలని, ఎంట్రీ తీసేయమని రిపోర్టు వాళ్ళకి ఇవాళే రాస్తామని, బ్యాంకుకి వచ్చేవారం ఉత్తరం అందుతుందని చెప్పింది. కట్టిన డబ్బు వెనక్కి కావాలంటే దానికి వేరే దరఖాస్తు ఉందట. ఉంటుంది, ఎందుకుండదు!

ఫోను పెట్టేశాక కళ్ళజోళ్ళాయన అమ్మ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుండిపోయాడు. వచ్చేవారమంటే నెలాఖరుకి ముందే. షాపు వచ్చినట్టే. దానికంటే ఎక్కువగా, అమ్మ అన్న ఆ మాట చెవుల్లో తిరుగుతోంది. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ వయసులో నాచేత అబద్ధం ఆడించావు కదరా," అంది అమ్మ మెల్లగా. "పోనీలే. కన్నకొడుకు కోసం ఆడాను, తప్పులేదు. ఇక ముందు మాత్రం అప్పు చెయ్యకు నాయనా. నేను ఎల్లకాలం ఉండను."

తలుపు దగ్గర భార్య ఏదో అనబోయింది. వద్దని చెయ్యి ఊపాడు. చెప్పాల్సిందంతా నిన్న చెప్పేశాడు. మళ్ళీ చెప్పడానికి ఒంట్లో ఓపిక లేదు. వచ్చేవారం బ్యాంకులో తను సంతకం పెట్టబోయేది ఆ టీవీకి పదింతల అప్పు. అదిప్పుడు ఎత్తితే కథ మళ్ళీ మొదటికొస్తుంది. షాపు తెరిచే వేళవుతోంది.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు. "ఇంకెప్పుడూ అప్పు చెయ్యను."

అమ్మ మొహం తేటపడింది. ఇన్నేళ్ళుగా అతను చెప్పినవాటిలో ఆవిడ పూర్తిగా నమ్మిన మాట అదొక్కటే.